మోకాళ్లక్క కోసం ఎవరు?

మీరే చేశారు ఇది. ముందు వరసలో కూర్చుని చేతులెత్తే మీరు, మైకు పట్టుకోగానే గొంతు వణికించే మీరు, ఇంట్లో ఏ చిన్న గొడవ వచ్చినా "అక్కా, మా గురించి కాస్త ప్రార్థన చెయ్యి" అని ఫోను పెట్టేసి గుర్రుపెట్టి నిద్రపోయే మీరు. సంఘం మొత్తాన్ని ఒక ఆడమనిషి వీపు మీద ఎక్కించి, "ఆమెకేం, ప్రార్థనాపరురాలు" అని చేతులు దులుపుకున్నారు. ఆ మనిషి లోపల్లోపల ఎండిపోతుంటే చూడలేదు. చూడకపోతే పోయారు, ఎండిపోవడాన్ని చూసి మెచ్చుకున్నారు కూడా! ఎలాగో చెప్తాను. లేచి వెళ్లకండి, పూర్తిగా వినండి.

ఆమెను అందరూ మోకాళ్లక్క అనేవారు. పెద్ద ఆస్పత్రి లాండ్రీలో పని. ఒకసారి ఉతికే డ్రమ్ము పొంగి గచ్చంతా నీళ్లయినప్పుడు, బట్టలు పైకి దోపుకుని తుడుస్తుంటే తోటివాళ్లు ఆమె మోకాళ్లు చూశారు. నల్లగా, గట్టిగా, చెప్పు అట్టల్లా కాయలు కాసి ఉన్నాయి. "ఏంటక్కా ఇవి, ఒంటె మోకాళ్లా?" అని ఎవరో నవ్వితే ఆమె సిగ్గుపడి బట్టలు దించుకుంది. ఆ రోజు నుంచి అదే పేరు. సంఘంలోనూ అదే పేరు. ఇంట్లో అత్తగారు కూడా కోపం వస్తే "ఏమ్మా మోకాళ్లక్కా, కూర మాడుతోంది, దేవుడితో మాటలు అయ్యాయా?" అని అదే పేరుతో పిలిచేది.

ఆ లాండ్రీకి ఆస్పత్రి పడకల మీది చద్దర్లన్నీ వస్తాయి. ఉతికి, పిండి, ఆవిరి రోలరు గుండా పంపితే అవతలి వైపు వేడివేడిగా, చదునుగా బయటికి వస్తాయి. అక్కడ ఇద్దరు నిలబడాలి. చెరో రెండు కొసలు పట్టుకుని, వెనక్కి వాలి లాగి, విదిలించి, ఎదురెదురుగా నడిచి మడత పెట్టాలి. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఒక కొస వదులైతే మధ్యలో ముడతలు పడతాయి, ఆ ముడతలు రోగి వీపుకు పుండ్లవుతాయి.

మోకాళ్లక్కకు ఎదురు కొస పట్టుకునేది సైరన్. అది కూడా లాండ్రీవాళ్లు పెట్టిన పేరే. డ్రముల మోత మీదుగా గేటు దాకా వినపడే గొంతు ఆమెది. నోరు తెరిస్తే ముందు తిట్టు వస్తుంది, వెనకాల విషయం వస్తుంది. ఆమె కూడా ఆ సంఘానికే వెళ్తుంది గానీ, చెప్పులు విడిచే చోట కూర్చుని, ఆఖరి పాట మొదలవగానే జారుకుంటుంది. పెద్దలకు ఆమె అంటే గిట్టదు. ఆమెకూ పెద్దలంటే అంతే.

మడత పెట్టే చోటే మోకాళ్లక్కకు విన్నపాలు అందేవి. బండి తోసుకొచ్చేవాడు "అక్కా, మా తమ్ముడికి ఇంటర్వ్యూ" అనేవాడు. ఆయా వచ్చి "వదినా, మా ఆయన మళ్లీ మొదలెట్టాడు" అని కళ్లు తుడుచుకునేది. ఒకావిడ తన పిల్లి కనబడటం లేదని కూడా చెప్పుకుంది. మోకాళ్లక్క ఎవరినీ చిన్నబుచ్చలేదు. పిల్లి కోసం కూడా మోకరించింది. తెల్లవారకముందే లేచి, భర్త మొదటి బస్సు తీయడానికి డిపోకు వెళ్లగానే, వంటగది గచ్చు మీద కూలబడి ఒక్కొక్కరి గురించీ ప్రభువుతో మాట్లాడేది. పక్క గదిలో మంచం మీంచి అత్తగారు కేకేసేది: "నా కీళ్ల నొప్పుల సంగతి ఎత్తావా? పోయినసారి ఎత్తినట్టు లేదు, తగ్గలేదు."

"ఎత్తాను అత్తయ్యా."

"గట్టిగా ఎత్తు. ఆయనకు లక్ష మంది ఉంటారు."

ఆ మాటకు మోకాళ్లక్క నవ్వుకుంటూ ప్రార్థించేది. అవి మంచి రోజులు. గచ్చు చల్లగా ఉండేది, లోపల మాత్రం ఎవరో పొయ్యి రాజేసినట్టుండేది.

ఆ తర్వాత ఒక తెల్లవారుజామున ఏమీ లేదు.

కారణం అడక్కండి. ఇంట్లో చావు లేదు, జబ్బు లేదు, తెలిసి చేసిన తప్పు లేదు. ఎప్పటిలాగే మోకరించింది, నోరు తెరిచింది, కుళాయి తిప్పితే నీళ్లకు బదులు గాలి బుస్సుమన్నట్టయింది. నిద్ర చాలలేదేమో అనుకుంది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. "తండ్రీ" అన్న మాట నాలుక దాకా వచ్చి అక్కడే ఇరుక్కుపోయేది. ఆ ఖాళీలోకి ఇంకో గొంతు వచ్చి కూర్చుంది. దానికి అరుపుల్లేవు, బెదిరింపుల్లేవు. పక్కింటావిడ పిట్టగోడ మీంచి కబురు చెప్పినంత మామూలుగా మాట్లాడేది: "ఇన్నాళ్లూ నీతో నువ్వే మాట్లాడుకున్నావే పిచ్చిదానా. అవతల ఎవరున్నారు గనక?"

మోకాళ్లక్క ఊరుకునే రకం కాదు. పంతం పట్టింది. ఇంకా ముందే లేచింది. ఉపవాసాలు పెంచింది. చెంపలు వాయించుకుంది. రోలరు ముందు నిలబడి కళ్లు తిరిగి పడబోయింది. ఒంట్లో ఉన్న సత్తువంతా పెట్టి ప్రార్థనను బయటికి లాగాలని చూసింది. లాగినకొద్దీ ఎండింది. ఆ గొంతు మాత్రం తిన్నగా తిని, హాయిగా పడుకుని లేచినట్టు రోజురోజుకూ బలిసింది.

ఇప్పుడు మీ సంగతికి వస్తాను.

సంఘంలో ప్రార్థన సమయానికి మోకాళ్లక్క ముందులాగే మోకరించేది. మాట రాక నోరు మూసుకుని ఉండిపోయేది. పెదాలు కదలవు, కన్నీళ్లు రావు, బండరాయిలా అలా ఉండేది. సంఘ పెద్ద భార్య దాన్ని చూసింది. ఆవిడకు అర్థమైన తీరు ఇదీ: "చూశారా? పెదవి కూడా కదలట్లేదు! మాటలు దాటిపోయింది. అది మామూలు స్థాయి కాదు." ఈ మాట వరసల్లో పాకింది. రెండు వారాలు తిరిగేసరికి సంఘంలో సగం మంది ఆడవాళ్లు నోరు బిగించి, కనుబొమలు ముడివేసి, ఆమెలాగే కూర్చోవడం మొదలెట్టారు. మునుపు కలకలలాడుతూ దేవుణ్ణి పిలిచే మందిరం డాక్టరు గది బయట వరసలా అయిపోయింది. ఒకావిడ అలా కూర్చుని నిద్రపోయి కుర్చీతో సహా పక్కకు ఒరిగితే, ఆమెను కూడా ఆత్మ తాకిందన్నారు!

ఎండిన మనిషిని చూసి ఎండటమే గొప్పదనమనుకున్న తెలివి మీది.

అక్కడితో ఆగారా? పాస్టరుగారూ సంఘ పెద్దా కలిసి ఇంటికి వచ్చారు. స్త్రీల ప్రార్థన గుంపుకు ఆమెను నాయకురాలిగా పెడతామన్నారు. వచ్చే ఆదివారం సభ ముందు నిలబెట్టి, "ప్రార్థనలో ఎడతెగక ఉన్నాను, ఉంటాను" అని ఆమె చేత ప్రమాణం చేయించి, ఆమె చేతనే సంఘం మొత్తం కోసం ప్రార్థన చేయిస్తామన్నారు. అత్తగారు మంచం మీద లేచి కూర్చుంది. "అయితే ఇక నా కీళ్ల సంగతి పై అధికారులకు నేరుగా చేరుతుందన్నమాట!"

మోకాళ్లక్క చేతులు నలుపుకుంది. ధైర్యం కూడగట్టుకుంది. "అయ్యగారూ, నాకు ఈమధ్య ప్రార్థన సాగట్లేదండీ. లోపలంతా ఎండిపోయింది. నన్ను వదిలేయండి."

పాస్టరుగారు చిరునవ్వు నవ్వారు. "చూశారా పెద్దగారూ? ఇదీ తగ్గింపు అంటే. ఇంత ప్రార్థించే మనిషి ఏమీ లేదంటోంది!"

"నిజంగానే అండీ..."

"అందుకేనమ్మా నిన్ను ఎంచుకున్నాం."

వాళ్లు టీ తాగి వెళ్లిపోయారు. మునిగిపోతున్నానని కేక పెడితే ఒడ్డు మీది వాళ్లు ఈత బాగుందని చప్పట్లు కొట్టినట్టయింది ఆమెకు. ఆ గొంతు మెల్లగా అంది: "పోనీలే. మైకు పట్టుకుని నాలుగు మాటలు అల్లు. నీకు వచ్చిన విద్యే కదా? వాళ్లకు తేడా తెలీదు. పైన వినేవాడు ఎలాగూ లేడు."

శనివారం పనిలో సైరన్ చద్దరు విదిలిస్తూ ఆగిపోయింది. "అక్కా, నీ దుంప తెగ, పొద్దుట్నుంచీ నీ వైపు బిగువే లేదు. నేనొక్కదాన్నే గుంజుతున్నా. తిండి తిన్నావా?"

"తిన్నాలే."

"అబద్ధం. మొహం చూడు, ఉతక్కుండా రోలర్లో పెట్టినట్టుంది. ఏమైంది? మీ అత్త ఏమన్నా అందా?"

"ఆమె రోజూ ఏదో ఒకటి అంటుంది. అదేం కాదు."

"మరి?"

మోకాళ్లక్క వేడి గుడ్డ కొసలను గుప్పిట్లో నలిపేసింది. "నాకు ప్రార్థన రావట్లేదే."

సైరన్ పకపకా నవ్వింది. "నీకా? సరేలే, చేపకు ఈత రావట్లేదట..." సగంలోనే ఆగింది. ఎదురుగా ఉన్న కళ్లలో నవ్వు లేదు. సైరన్ చేతుల్లోంచి కొసలు జారి ఉతికిన చద్దరు గచ్చు మీద పడింది. మామూలుగా అయితే దానికి మేస్త్రీ చేత చీవాట్లు. ఇద్దరూ దాని వంక చూడను కూడా చూడలేదు.

"ఎప్పట్నుంచి?"

"చాన్నాళ్లైంది. మోకరిస్తాను. ఏమీ ఉండదు. దేవుడే లేడేమో అనిపిస్తుంది. రేపు ఆ ప్రమాణం చేశాననుకో, మైకులో ఏదో ఒకటి వాగి నెట్టుకొస్తాను. అలవాటైన మాటలే కదా. కానీ ఆయన ముందే ఆయన పేరు మీద నాటకం ఆడాక ఇక నాలో ఏం మిగులుతుందే? అక్కడితో అయిపోయినట్టే. పైకి నాయకురాలిని, లోపల చచ్చినదాన్ని."

సైరన్ గొంతు తగ్గించింది. ఆమె చరిత్రలో అది మొదటిసారి. తర్వాత అడిగింది: "మరి నీ కోసం ఎవరు చేస్తున్నారు?"

"ఏంటి?"

"ప్రార్థనే. బండి తోసేవాడికి నువ్వు చేస్తావు. ఆయాకు నువ్వు చేస్తావు. ఆ దిక్కుమాలిన పిల్లికి కూడా నువ్వే చేశావు. నీకు ఎవరు చేస్తున్నారు?"

మోకాళ్లక్క మనసులో ఒక్కో పేరూ వెతికింది. పాస్టరుగారా? ఆయన విన్నపాలు కూడా ఈమె దగ్గరే ఉన్నాయి. భర్త మంచివాడే, "నువ్వు చూసుకుంటావులే" అంటాడు. ఒక్క పేరు దొరకలేదు. తన కోసం చెయ్యమని తను ఎవరినీ అడగలేదన్న సంగతి కూడా అప్పుడే తట్టింది. ఎందుకు అడగలేదు? అందరినీ మోసేది తనే అనుకుంది కనుక. ఎప్పుడో, తనకు తెలియకుండానే, నిజంగా మోసే ప్రభువును పక్కకు జరిపి ఆ చోట తను నిలబడింది.

"మరి నువ్వు చెయ్యవే," అంది సైరన్‌తో.

సైరన్ బెదిరిపోయింది. "నేనా? నాకు వచ్చినవి తిట్లే అక్కా. ఆయన ముందు నోరు జారితే?" అంటూ వంగి చద్దరు తీసి మాసినవాటిలో విసిరేసింది. కళ్లు తుడుచుకుని, "ఈ ఆవిరొకటి, వెధవది," అంది.

ఆదివారం మందిరం కిటకిటలాడింది. పాస్టరుగారు మైకు సరిచేస్తే అది కీచుమంది. అత్తగారిని ముందు వరసలో కూర్చోబెట్టారు. భర్త గోడవారగా నిలబడ్డాడు. సంఘ పెద్ద లేచి, ఈ సహోదరి మాటలు దాటిన ప్రార్థనను అందుకున్నదనీ, మనమంతా అలా మౌనంలోకి ఎదగాలనీ చెప్పాడు. ఆడవాళ్లు నోరు బిగించి తలలు ఊపారు. తర్వాత ఆమెను పిలిచారు.

మోకాళ్లక్క నడిచింది. మైకు చేతికి వచ్చింది. లోపలి గొంతు తొందరపెట్టింది: "కానియ్. రెండు నిమిషాలు. వాళ్లకు కావలసింది ఇచ్చెయ్." అల్లికంతా సిద్ధంగా ఉంది. మహిమ గల తండ్రీ అని మొదలెడితే చాలు, మిగతాది నాలుకే చూసుకుంటుంది.

ఆమె మైకు పక్కనున్న బల్ల మీద పెట్టేసింది.

"నేను ఈ ప్రమాణం చెయ్యలేను," అంది. మైకు లేకపోయినా వెనక దాకా వినబడింది. "నాకు ప్రార్థన రావట్లేదు. చాన్నాళ్లుగా రావట్లేదు. మీరు మౌనం అనుకున్నది ఎండిపోవడం. నేను ఏ స్థాయికీ ఎక్కలేదు. గుంటలో ఉన్నాను. దేవుడు లేడని నా లోపల ఒక గొంతు రోజూ చెప్తోంది, దాంతో కొట్లాడటానికి నా దగ్గర బలం అయిపోయింది. మీరు నా కోసం ప్రార్థన చెయ్యాలి."

సంఘ పెద్ద గబగబా ముందుకొచ్చాడు. "అమ్మా, ఇవి లోపల మాట్లాడుకునే విషయాలు."

"లోపలే కదండీ నేను చచ్చింది!"

పాస్టరుగారు పాటవాళ్ల వంక చూశారు, ఏదో ఒకటి అందుకోమన్నట్టు. పాటవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మోకాళ్లక్క అక్కడే, అందరి ముందు, గచ్చు మీద మోకరించింది. తల వంచేసింది. ఇక తను చేయగలిగింది ఏమీ లేదు. తన వల్ల ఏమీ కాదని తెలిసి మోకరించడం ఆమెకు ఆ రోజే మొదలు.

వెనక కుర్చీలు దభదభమని పక్కకు జరిగాయి. చెప్పుల దగ్గరి నుంచి సైరన్ వస్తోంది. అడ్డొచ్చిన మనిషిని "జరుగయ్యా" అని తోసి, వచ్చి మోకాళ్లక్క ఎదురుగా ధబ్బున కూలబడింది. ఆమె రెండు చేతులూ పట్టుకుంది. తిన్నగా పైకి చూసి, గేటు దాకా వినపడే ఆ గొంతుతో మొదలెట్టింది.

"ప్రభువా! నాకు పద్ధతులు తెలీవు. ఇది మా అక్క. దీనికి నోరు పెగలట్లేదు. నువ్వు లేవని వీడెవడో దీని చెవిలో ఊదుతున్నాడు, వాణ్ణి... వాణ్ణి ఏమనాలో నాకు వచ్చు గానీ ఇక్కడ అనను, నువ్వే అను. దీని దగ్గర బలం లేదట. నా దగ్గరా లేదు. నీ దగ్గర ఉంది కదా, ఇయ్యి. సిలువ మీద నువ్వు కూడా ఒంటరివి అయిపోయావట కదా, మరి దీని బాధ నీకు తెలీదా? వదలకు. మేం వదిలేశాం ఇన్నాళ్లూ, నువ్వు వదలకు. అంతే. ఇంక నాకు రాదు."

అంతే. దాంట్లో అలంకారం లేదు, ఆరంభం లేదు, ముగింపు సరిగ్గా లేదు. ఆ మాటలు మోకాళ్లక్క మీద కుండపోత వానలా పడ్డాయి.

తర్వాత ఒక మూలుగు వినపడింది. అత్తగారు కుర్చీ చేతులు పట్టుకుని లేస్తోంది. "వద్దత్తయ్యా, మీ కీళ్లు!" అంది కోడలు. "నోర్ముయ్," అంది అత్తగారు. అంగుళం అంగుళం కిందికి దిగి, పళ్లు బిగబట్టి, కోడలి పక్కన మోకరించింది. "దేవుడా, నా కీళ్ల సంగతి పక్కన పెట్టు. ముందు దీన్ని చూడు. నేను దీని చేత నీకు కబుర్లు పంపానే గానీ, దీని కబురు ఒక్కరోజూ నీకు చెప్పలేదు." భర్త ఎప్పుడు వచ్చాడో, వెనక నుంచి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

అప్పుడు మోకాళ్లక్క లోపల ఏదో తెగింది. లాగలేదు, పెగిలించలేదు, దానంతటదే వచ్చింది.

"తండ్రీ!"

ఒక్క మాట. ఇన్నాళ్లు నాలుక మీద ఇరుక్కున్న మాట. దాని వెనక ఏడుపు, ఏడుపు వెనక నవ్వు, రెండూ కలిసి వరదలా తోసుకొచ్చాయి. తను చేరుకోవాలని చూసినవాడు ఇన్నాళ్లూ ఆ ఎండిన గచ్చు మీదే తన పక్కన కూర్చుని ఉన్నాడని ఆమెకు తెలిసింది. ఎవరో చెప్తే తెలిసినట్టు కాదు, ఆకలి తీరినప్పుడు తెలిసినట్టు తెలిసింది. లోపలి గొంతు ఏదో అనబోయింది. ఆమె దానికి నేరుగా జవాబు చెప్పింది, అందరికీ వినపడేలా: "ఉన్నాడు. నువ్వు బయటికి నడువు!"

ఆమె లేచి నిలబడింది. మొహం తడిసి మెరుస్తోంది. పాటవాళ్లు ఇంకా తేల్చుకోకముందే సైరన్ శ్రుతి లేని గొంతుతో పాట ఎత్తుకుంది. మోకాళ్లక్క అందుకుంది. ఆ తర్వాత మందిరమంతా అందుకుంది. నోళ్లు బిగించుకున్న ఆడవాళ్లు గొంతులు విప్పారు. తప్పిపోయిన పిల్లి గలావిడ అందరికంటే గట్టిగా పాడింది. ఫ్యాన్ల చప్పుడు, బయటి బస్సుల హారన్లు, అన్నీ ఆ పాట కింద అణగిపోయాయి. గెలుపు అంటే అదీ! ఆమె గెలవలేదు. ఆమె చెయ్యి పట్టుకున్నవాడు గెలిచాడు, గెలిచి ఆ గెలుపును ఆమె చేతిలో పెట్టాడు.

పాట ఆగాక పాస్టరుగారు ముందుకు వచ్చారు. కళ్లెత్తలేదు. మైకు ముట్టుకోలేదు. "అమ్మా," అన్నారు మెల్లగా, "నాకూ రావట్లేదు. సంవత్సరం పైనే అయింది. చెప్పడానికి నాకు ఎవరూ లేరు."

మందిరం నిశ్శబ్దమైపోయింది. ఈసారి ఆ నిశ్శబ్దానికి ఎవరూ గొప్ప పేరు పెట్టలేదు. మోకాళ్లక్క ఆయన వంక చూసింది, వరసల వంక చూసింది. ముందు వరసలోనూ నాలుగైదు తలలు వంగి ఉన్నాయి. ఆమె గొంతు ఖణేల్మంది.

"అయ్యగారూ, మోకరించండి. పెద్దగారూ, చూస్తూ నిలబడకండి, వచ్చి ఆయన చెయ్యి పట్టుకోండి. ఇంకెవరికి లోపల ఎండిందో ముందుకు రండి, సిగ్గు పడొద్దు, దాచిపెట్టి చావొద్దు. మిగతా వాళ్లంతా లేవండి, ఒక్కొక్కరి ఎదురుగా ఒక్కొక్కరు మోకరించండి. మాటలు రాకపోతే వచ్చినవే అనండి. ఇంటికెళ్లాక చేస్తామని ఎవరూ అనొద్దు, వచ్చే ఆదివారం అని అసలే అనొద్దు. ఇప్పుడే దిగండి!"